ఏడు ఎనిమిదులు, ఎనిమిదేళ్లు

చిన్నప్పుడు నాకు ఎనిమిదో ఎక్కం వచ్చేది కాదు. ఎనిమిది ఐదులు నలభై దాకా గడగడా అప్పజెప్పేసేదాన్ని. ఎనిమిది ఆర్లు దగ్గరికి రాగానే బండి ఆగిపోయేది. ఎనిమిదేళ్లు అయితే మరీ ఘోరం. "ఏళ్లు" అనగానే నాకు ఏడు అంకె గుర్తొచ్చేది కాదు, వయసు గుర్తొచ్చేది. ఎనిమిదేళ్లు యాభై ఆరు ఎలా అవుతాయని ఎవరినీ అడగలేదు గానీ, లోపల అనుమానం మాత్రం ఉండేది.

ఒక సాయంత్రం నాన్న వేరే దారిలో వచ్చారు. "ఆరో ఎక్కం వచ్చు కదా నీకు. ఆరు ఎనిమిదులు ఎంత?" అన్నారు. నలభై ఎనిమిది అన్నాను. "మరి ఎనిమిది ఆర్లు?" నోరు విప్పలేదు. "పిచ్చిదానా, అదే ఇది" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ అపనమ్మకంలో తప్పేమీ లేదనిపిస్తుంది. ఆరు పెట్టెల్లో ఎనిమిదేసి పెన్సిళ్లు వేరు, ఎనిమిది పెట్టెల్లో ఆరేసి పెన్సిళ్లు వేరు. పెట్టెల లెక్కే మారిపోయింది. చివరికి పెన్సిళ్లన్నీ పోగేస్తే రెండు చోట్లా ఒకే లెక్క రావడం మామూలు సంగతిలా కనిపిస్తుంది గానీ, ఎందుకు రావాలి?

నాన్న పలక మీద ఆరు వరసలు గీశారు, వరసకి ఎనిమిది చుక్కలు. లెక్కపెట్టమన్నారు. తర్వాత పలకని పక్కకి తిప్పి నా ముందు పెట్టారు. ఇప్పుడు ఎనిమిది వరసలు, వరసకి ఆరు చుక్కలు. ఒక్క చుక్క కూడా చెరపలేదు, ఒక్కటి కూడా కలపలేదు. నేను ఏమీ మాట్లాడకుండా పలకని మళ్లీ అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకున్నాను.

పదో ఎక్కం దాకా వంద లెక్కలుంటాయి. తిరగేస్తే ఒకటే అయినవాటిని ఒక్కసారే లెక్కేస్తే 55 మిగులుతాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం అందరికీ వచ్చినవే కాబట్టి తీసేస్తే నిజంగా బట్టీ పట్టాల్సినవి 36. ఈ మాట ముందే చెప్పి ఉంటే ఎన్ని ఏడుపులు తగ్గేవో!

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చింది. మొన్న హాల్లో అటూ ఇటూ తిరుగుతూ "అవును, కాదు, అవును, కాదు" అని వల్లె వేస్తోంది. ఏమిటే అంటే పుస్తకం చూపించింది. ఒక పట్టిక. నిలువునా సహజ సంఖ్యలు, పూర్ణ సంఖ్యలు (మైనస్‌వి కూడా కలిపి), అకరణీయ సంఖ్యలు (భిన్నాలు). అడ్డంగా సంకలనం, వ్యవకలనం, గుణకారం, భాగహారం. ఒక్కో గడిలో "స్థిత్యంతర ధర్మం పాటిస్తుందా?" అన్న ప్రశ్నకి అవును లేదా కాదు. ఏ వరస చూసినా ఒకటే పాట: అవును, కాదు, అవును, కాదు.

"అన్ని వరసలూ ఒకేలా ఉన్నాయి కదమ్మా, ఒక్క వరస గుర్తుపెట్టుకుంటే చాలు" అంది. పరీక్షకి చాలు. నాకే మనసొప్పలేదు. ఆ పట్టికలో ఒక్కో "అవును" వెనక కారణం వేరు. కారణాలన్నీ తీసేసి జవాబులు మాత్రం గడుల్లో కూర్చోబెట్టేశారు.

ముందు పేరు సంగతి చూద్దామన్నాను. స్థితి, అంతరం కలిస్తే స్థిత్యంతరం, అంటే చోటు మారడం. చోటు మారినా జవాబు మారదనేదే ఈ ధర్మం. యణాదేశ సంధి. (తిరగేసి కలిపి చూడు, "అంతరస్థితి" అవుతుంది. సంధి ఈ ధర్మం పాటించదు.) వినిమయ ధర్మం అని కూడా అంటారు. గణితంలో ఈ ధర్మానికి ఒక పేరంటూ పెట్టింది సెర్వోయ్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు, 1814లో. విషయం మాత్రం చాలా పాతది. గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసిన "ఎలిమెంట్స్" ఏడో పుస్తకంలో పదహారో ప్రతిపాదన ఇదే: రెండు సంఖ్యల్ని ఎటునుంచి ఎటు గుణించినా ఒకటే వస్తుందని. పదిహేను ప్రతిపాదనలు దాటాక గానీ ఆ మాట చెప్పలేదాయన, చెప్పినా ఊరికే చెప్పలేదు, నిరూపించాడు. అంటే ఆయనకీ అది దానంతటదే తెలిసిపోయే సంగతిలా కనిపించలేదన్నమాట. నాకు కాస్త ఊరట.

మన అంకెల పేర్లలోనే ఒక తమాషా ఉంది. పది, మూడు అనే రెండు ముక్కలు తీసుకోండి. పది ముందుంటే పదమూడు. మూడు ముందుంటే ముప్పది, అదే మన ముప్పై. పది ముందుంటే కూడిక, వెనకుంటే గుణకారం. పద్నాలుగు, నలభై. పదహారు, అరవై. పదిహేడు, డెబ్బై. ముక్కల చోటు మారితే విలువే మారిపోతుంది. పుట్టినప్పటినుంచి ఇలాంటి భాష మాట్లాడుతున్నవాళ్లం, "చోటు మారితే తేడా ఏమీ లేదు" అని ఎవరైనా అంటే కాస్త అనుమానించడం సహజం కాదూ?

సరే, పట్టికకి వద్దాం. సహజ సంఖ్యల గుణకారానికి నాన్న పలక చాలు. పూర్ణ సంఖ్యల దగ్గరికి వచ్చేసరికి పలక చేతులెత్తేస్తుంది. మైనస్ 3 వరసలు ఎలా గీస్తావు? 4 ఇంటూ మైనస్ 3 అంటే ఇబ్బంది లేదు, మూడు రూపాయల అప్పు నాలుగుసార్లు, మొత్తం పన్నెండు అప్పు. దాన్ని తిరగేసి మైనస్ 3 ఇంటూ 4 అంటే? నాలుగుని "మైనస్ మూడుసార్లు" వెయ్యడం అంటే ఏమిటి? మా అమ్మాయి కాసేపు చూసి, "మైనస్ పన్నెండే కదా, తిరగేస్తే అదే కదా" అంది. అదిగో, దొంగ దొరికింది. తిరగెయ్యొచ్చా అన్నదే కదా ప్రశ్న!

మెట్లు దిగుతూ పొమ్మన్నాను. 3 ఇంటూ 4 పన్నెండు, 2 ఇంటూ 4 ఎనిమిది, 1 ఇంటూ 4 నాలుగు, 0 ఇంటూ 4 సున్నా. ఒక్కో మెట్టుకి నాలుగు తగ్గుతోంది. ఇంకా దిగితే మైనస్ 4, మైనస్ 8, మైనస్ 12. మూడో మెట్టు దగ్గర మైనస్ 12 దొరికింది, రెండో వైపునుంచి వచ్చిన జవాబుతో సరిపోయింది. ఇది నిరూపణ అని నేను అనను. రుణ సంఖ్యల గుణకారానికి అర్థం మనమే ఇచ్చుకున్నాం, పాత నియమాలు చెడకుండా ఉండేలా చూసి మరీ ఇచ్చుకున్నాం. పలక మీద చుక్కల్లో మనకి కనిపించిన నిజం ఇక్కడ మనం పెట్టుకున్న షరతు అయింది. ఈ రెండు "అవును"లూ ఒకటి కావు.

ఇక "కాదు"లు. నా దృష్టిలో ఆ పట్టికలో పిల్లలకి ఎక్కువ అన్యాయం చేసేవి ఇవే. 8లోంచి 5 తీస్తే 3, 5లోంచి 8 తీస్తే మైనస్ 3. సమానం కాదు, నిజమే. కానీ అద్దంలో బొమ్మలా ఒకటి రెండోదానికి సరిగ్గా ఎదురు. అంతకన్నా పెద్ద సంగతి, 8 మైనస్ 5ని 8 ప్లస్ (మైనస్ 5) అని చదివితే అది కూడిక అయిపోతుంది, అప్పుడు హాయిగా తిరగెయ్యొచ్చు: మైనస్ 5 ప్లస్ 8, మళ్లీ మూడే. అంటే రుణ సంఖ్యలు వచ్చాక తీసివేత అనే లెక్క విడిగా ఉండాల్సిన పనే లేదు. భిన్నాలు వచ్చాక భాగహారం సంగతీ అంతే. 4తో భాగించడమంటే పావుతో గుణించడం.

ఇది తెలియకపోతే ఏమవుతుందో మా అమ్మాయి రఫ్ నోట్సులోనే దొరికింది. 12 − 7 + 5 అని లెక్క. ఏడు కన్నా ఐదు తియ్యడం తేలికనిపించిందేమో, చోట్లు మార్చి 12 − 5 + 7 అని వేసింది, 14 వచ్చింది. రావలసింది 10. అంకెలు చోటు మారాయి గానీ వాటి గుర్తులు పాత చోటే ఉండిపోయాయి. మైనస్ అనేది 7కి తోకలాంటిది, ఏడు ఎటు వెళ్తే తోకా అటే వెళ్లాలి: 12 + 5 − 7. భాగహారంలోనూ ఇదే పొరపాటు. 12 ÷ 4 × 3 అంటే 9. దాన్ని 12 × 3 ÷ 4 అన్నా తొమ్మిదే. 12 ÷ 3 × 4 అంటే 16. "కాదు" అని బట్టీ పట్టిన పిల్లకి ఏది మార్చకూడదో తెలుస్తుంది. ఏది ఎలా మార్చొచ్చో తెలియదు.

భిన్నాల గుణకారం దగ్గర పెద్ద కథేమీ లేదు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో గుణిస్తాం, అవి పూర్ణ సంఖ్యలే కాబట్టి పాత ధర్మం దానంతటదే వచ్చేస్తుంది. ఒక్క ఉపయోగం చెప్పి ముందుకెళ్తాను. 25లో 16 శాతం ఎంత అంటే చాలామంది ఫోన్ తీస్తారు. తిరగేయండి: 16లో 25 శాతం. పావు వంతు, నాలుగు. శాతం అంటే వందతో భాగించడమే కాబట్టి ఎటునుంచి చూసినా ఒకటే. ఆఫీసులో ఇది చెప్పి ఒకటి రెండుసార్లు మార్కులు కొట్టేశాను.

భిన్నంగా రాయలేని కరణీయ సంఖ్యల దగ్గర మళ్లీ కాళ్లకింద నేల కదులుతుంది. రూట్ 2 ఇంటూ రూట్ 3 ఈక్వల్స్ రూట్ 6 అని పదో తరగతిలో అలవోకగా రాసేస్తాం. రెండు వైపులా దశాంశాలు ఎక్కడా ఆగవు, ఒకే తీరున తిరిగి రావు కూడా. అంతులేని వరసని అంతులేని వరసతో గుణించడం ఏమిటి, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? డెడెకిండ్ అనే జర్మన్ గణితజ్ఞుడు 1872లో వేసిన చిన్న పుస్తకంలో, ఈ రూట్ 2, రూట్ 3 సమీకరణాన్ని తనకి తెలిసినంతవరకు అప్పటిదాకా ఎవరూ సరిగ్గా నిరూపించలేదని రాశాడు. 1872! ఆ కాలానికి రైళ్లు నడుస్తున్నాయి, సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు పరిచేశారు. అప్పటిదాకా అందరూ నమ్మకం మీద గుణించుకుంటూ వచ్చారన్నమాట. ఎనిమిది ఆర్లు దగ్గర నమ్మకం లేక నోరు మూసుకున్న పిల్లని నేనొక్కదాన్నే తిట్లు తినాల్సింది కాదు.

మైనస్ ఒకటికి వర్గమూలం ఉందనుకుని, దానికి ఐ అని పేరు పెట్టి కట్టుకున్నవి సంకీర్ణ సంఖ్యలు. వాటితో గుణించడమంటే కాగితం మీద బొమ్మని సాగదీసి తిప్పడం. 30 డిగ్రీలు తిప్పి తర్వాత 50 తిప్పినా, ముందు 50, ఆ తర్వాత 30 తిప్పినా మొత్తం 80 డిగ్రీలే. కాబట్టి ఇక్కడా అవును. ఇక్కడిదాకా వచ్చాక ఎవరైనా ఏమనుకుంటారు? సంఖ్య అన్నాక గుణకారం ఎటు తిప్పినా ఒకటే అనుకుంటారు. హామిల్టన్ అనే ఐర్లండ్ గణితజ్ఞుడు కూడా అలాగే అనుకుని ఏళ్ల తరబడి ఇరుక్కుపోయాడు.

కాగితం మీద తిప్పడానికి సంకీర్ణ సంఖ్యలున్నట్టే, మూడు దిశల లోకంలో తిప్పడానికి కూడా సంఖ్యలు కావాలని ఆయన తపన. పొద్దున్నే కాఫీ, టిఫిన్ల వేళకి కిందికి దిగితే కొడుకులు, నాన్నా, ఆ మూడేసి భాగాల సంఖ్యల్ని గుణించడం వచ్చిందా అని అడిగేవారట. లేదురా, కూడడం, తియ్యడమే వచ్చు అనేవాడట ఆయన. ఈ సంగతి తర్వాత ఎప్పుడో కొడుకుకి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. 1843 అక్టోబర్ 16న భార్యతో కలిసి డబ్లిన్‌లో రాయల్ కెనాల్ గట్టున నడుస్తుంటే తట్టింది: మూడు భాగాలు చాలవు, నాలుగు కావాలి. దాంతోపాటు గుణకారంలో చోటు మారితే ఒకటే అన్న పట్టుదలా వదులుకోవాలి. ఐకి తోడు జె, కె అని ఇంకో రెండు వచ్చాయి: ఐ ఇంటూ జె అంటే కె, జె ఇంటూ ఐ అంటే మైనస్ కె. ఈ లెక్కలకి మూలమైన సూత్రాన్ని అక్కడే బ్రూమ్ వంతెన రాతి మీద చాకుతో చెక్కాడు. వీటిని క్వాటర్నియన్లు అంటారు. ఇవాళ వీడియో గేముల్లో బొమ్మలు తిప్పడానికి, అంతరిక్ష నౌకలు ఎటు చూస్తున్నాయో లెక్కగట్టడానికి ఇవే వాడతారు.

ఇది నమ్మడానికి వంతెన దాకా వెళ్లక్కర్లేదు, ఒక పుస్తకం చాలు. బల్ల మీద అట్ట పైకి ఉండేలా, చదవడానికి వీలుగా పెట్టుకోండి. ముందు అవతలి అంచు పట్టి లేపి నిలబెట్టండి, అట్ట మీ వైపు ఉంటుంది. అలా నిలబెట్టే ఉంచి గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు తిప్పండి. పుస్తకం నిటారుగా ఉంది, అట్ట ఎడమచేతి వైపు చూస్తోంది. ఇప్పుడు మొదటికొచ్చి ఇదే పని వరస మార్చి చెయ్యండి: పడుకోబెట్టే ఉంచి ముందు పావు చుట్టు తిప్పి, తర్వాత అవతలి అంచు లేపి నిలబెట్టండి. అట్ట మీ వైపే ఉంది, కానీ పుస్తకం అడ్డంగా, కుట్టు పైకి వచ్చేలా నిలబడింది. మా అమ్మాయి ఇది నాలుగుసార్లు చేసింది. నాలుగోసారి నా మీద అనుమానంతో పుస్తకం మార్చి చేసింది.

"పోనీ కూడికైనా ఎప్పుడూ అవునే కదా?" అంది. ఎప్పుడూ కాదు. అంతులేని క్యూ ఒకటి ఊహించుకో. మొదటివాడున్నాడు, చివరివాడంటూ లేడు. ముందు ఒకడొచ్చి దూరితే అందరూ ఒక్క అడుగు వెనక్కి జరుగుతారు, క్యూ ఆకారం అదే. అదే మనిషి ఆ క్యూ అంతా అయ్యాక నిలబడితే? ఇప్పుడు చివరివాడొకడు పుట్టుకొచ్చాడు, అతని ముందు అంతులేనంతమంది. ఇది వేరే క్యూ. పందొమ్మిదో శతాబ్దం చివర కాంటర్ అనే గణితజ్ఞుడు ఇలాంటి క్యూలకే సంఖ్యలు ఇచ్చాడు. మొదటి అంతులేని క్యూ పేరు ఒమేగా. వాటిలో 1 + ఒమేగా, ఒమేగా + 1 ఒకటి కావు. దీని గురించి ఇంతకన్నా చెబితే నేనే తికమకపడతాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ ఈ ధర్మం నన్ను ఒకసారి మూడు రోజులు ఏడిపించింది. ఒకే డేటా, ఒకే రిపోర్టు, రెండుసార్లు రన్ చేస్తే మొత్తంలో చివరి దశాంశ స్థానం మారుతోంది. డెవలపర్ "కూడిక వరసతో ఏం పని, డేటాలోనే ఏదో మారి ఉంటుంది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఏం మారలేదు. లెక్కని ముక్కలుగా పంచి చేయిస్తున్నారు, ఏ ముక్క ముందు పూర్తయితే అది ముందు కలుస్తోంది. కంప్యూటర్‌లో దశాంశ సంఖ్యలకి పరిమితమైన చోటే ఉంటుంది కాబట్టి ప్రతి కూడిక తర్వాతా కొసలు కత్తిరిస్తుంది. 0.1, 0.2 ముందు కూడి దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కూడి 0.1కి కలిపితే 0.6 వస్తుంది. ఒకటి పక్కన పదహారు సున్నాలున్న సంఖ్యకి ఒక్కొక్కటిగా రెండు ఒకట్లు కలపండి, రెండూ గల్లంతు. ఆ ఒకట్లు రెండూ ముందు కలుపుకుని వెళ్తే లెక్కలోకి వస్తాయి.

టెన్షన్ తగ్గాక గమనించిన సంగతేమిటంటే, అక్కడ తప్పు స్థిత్యంతర ధర్మానిది కానే కాదు. కంప్యూటర్‌లో కూడా ఏ రెండు సంఖ్యలు తీసుకున్నా ఎటునుంచి ఎటు కూడినా ఒకటే. పోయింది సహచర ధర్మం, అంటే మూడింటిలో ఏ రెండు ముందు జత కట్టాలన్నది. పెద్ద జాబితాని ఇష్టమొచ్చిన వరసలో కూడుకోవాలంటే రెండు ధర్మాలూ ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోవడం అంత అరుదేమీ కాదు. సగటునే చూడండి. 2, 4ల సగటు ఎటు చూసినా 3. కానీ 2, 4ల సగటుకి 8తో సగటు కడితే 5.5, 4, 8ల సగటుకి 2తో కడితే 4. బగ్ రిపోర్టులో ఇదంతా రాశాను. "చివరి అంకె రౌండ్ చేసెయ్యండి" అని ఒక్క ముక్కలో మూసేశారు.

నిన్న రాత్రి మా అమ్మాయి పట్టికలో "భాగహారం – కాదు" గడి పక్కన పెన్సిల్‌తో 5, −5 అని రాసుకుంది. దేన్ని దేంతో భాగించినా మైనస్ ఒకటే. "కాదు అన్నారు గానీ కొన్నిటికి అవును" అంది. తర్వాత పవర్స్ మీద పడింది. 2 పవర్ 3 ఎనిమిది, 3 పవర్ 2 తొమ్మిది, కాదు. 2 పవర్ 4 పదహారు, 4 పవర్ 2 పదహారు! ఇంకా ఉన్నాయా అని అడిగితే, వేర్వేరు సహజ సంఖ్యల్లో ఆ ఒక్క జతే, వెతికి లాభం లేదన్నాను. నా మాట కాస్త పట్టి చూసి, "సహజ సంఖ్యల్లోనే కదా" అని మైనస్ 2, మైనస్ 4 వేసింది. రెండు వైపులా పదహారో వంతు వచ్చింది. భిన్నాల్లో వెతుకుతానంటే ఒక్కటి అందించాను: 9/4, 27/8. ఒకటి 3/2కి వర్గం, రెండోది దాని ఘనం. ఎటునుంచి వేసినా 3/2 పవర్ 27/4. పొద్దున లేచి చూస్తే నోట్సులో ఆ జత కింద 64/27, 256/81 అని ఉంది. పక్కనే 4/3 చుట్టూ సున్నా చుట్టి, "నెక్స్ట్ 5/4" అని రాసుంది.